క్రాస్ కుక్క మంచిదంటారు: ఎందుకు, ఎంతవరకు?

తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేసే వేళకు, నడకకు వచ్చేవాళ్లతో పాటు వాళ్ల కుక్కలూ వస్తాయి. చేతిలో గొలుసు కనిపిస్తే చాలు, ఎదురొచ్చినవారు అడిగే మొదటి ప్రశ్న "ఏ బ్రీడండీ?" అని. ల్యాబ్ అనో జర్మన్ షెపర్డ్ అనో చెబితే తల ఊపి సాగిపోతారు. "క్రాస్ అండీ" అంటే మాత్రం అక్కడే నిలబడి మాట కలుపుతారు. "అవే నయం, వాటికి జబ్బులు రావు" అంటారు ఒకరు. "కాగితాలు లేని కుక్క, రేపు ఎలా తయారవుతుందో ఎవరు చెప్పగలరు?" అంటారు ఇంకొకరు. రెండు మాటల్లోనూ నిజం కొంతే ఉంది.

పిల్లలూ పెద్దవాళ్లూ కలిసి ఉండే ఇంటికి, విశాఖలాంటి ఉక్కపోత ఊళ్లో, కలగలుపు కుక్కే తగినదని నా గట్టి నమ్మకం. కాకపోతే దానికి జనం చెప్పే కారణాలు చాలావరకు నిలబడవు. జబ్బులు రావని తెచ్చుకున్నవారు మొదటి జ్వరానికే బెదిరిపోతారు. ల్యాబ్ క్రాస్ కదా, నెమ్మదిగా ఉంటుందని తెచ్చుకున్నవారు అది సోఫా చీల్చేసరికి విసుగెత్తి వదిలేస్తారు. అలా వదిలేసినవి మెడలో బెల్టుతో సీతమ్మధార సందుల్లోనో, మధురవాడ లేఅవుట్లలోనో దిక్కు తోచక తిరుగుతూ కనిపిస్తాయి. వీధిలో పుట్టిన కుక్కకు వీధిలో బతకడం తెలుసు. వీటికి అదీ తెలియదు.

ముందుగా ఒకటి తేల్చుకోవాలి. మనం క్రాస్ అనేసే కుక్కలన్నీ ఒక్క కోవకు చెందినవి కావు. ల్యాబ్‌కూ జర్మన్ షెపర్డ్‌కూ పుట్టిన పిల్లల్లా, పేరున్న రెండు జాతులు కలవగా వచ్చినవి కొన్ని. పెంపుడు కుక్కకూ వీధికుక్కకూ పుట్టినవి మరికొన్ని. మన కాలనీల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. గేటు తెరిచి ఉన్న ఒక్క సాయంత్రం చాలు, రెండు నెలలు తిరిగేసరికి మెట్ల కింద అయిదారు పిల్లలు ఉంటాయి. వీటిలో పమేరియన్ పోలికలున్నవి మరీ ఎక్కువ. మన ఇళ్లలో తరాలుగా పమేరియన్ అని పిలుచుకుంటున్న తెల్లటి బొచ్చు కుక్క కూడా చాలాసార్లు నిజానికి ఇండియన్ స్పిట్జ్. అసలు పమేరియన్ కంటే కాస్త పెద్దది, ఇక్కడి ఎండకు అలవాటు పడినది. ఇక లాబ్రడూడుల్, కాకపూ లాంటివి పనిగట్టుకుని కలిపి, కొత్త పేరు పెట్టి, ఖరీదు కట్టి అమ్మేవి. వాటి సంగతి తర్వాత చూద్దాం.

మన వీధికుక్కను మాత్రం క్రాస్ అనడం తప్పు. మనుషుల ఊళ్లను అంటిపెట్టుకుని, తమంత తాము జతకట్టి పెరుగుతూ వచ్చిన ప్రాచీన సంతతి అది. ల్యాబ్, పగ్, డాబర్‌మాన్ అన్నీ కలిసిపోతే మిగిలిన మిశ్రమం కాదు. నిజం చెప్పాలంటే వ్యవహారం తలకిందులుగా ఉంది: అలాంటి పాత కుక్కల్లోంచి మనిషి ఏరి, వేరుచేసి పెంచినవే ఈ పేరున్న జాతులు. ప్రపంచంలోని కుక్కల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఇలా స్వేచ్ఛగా జతకట్టేవేనని శాస్త్రవేత్తల అంచనా. జాలారిపేట ఒడ్డున పడవల నీడలో పడుకునే గోధుమరంగు కుక్కను ఒకసారి చూడండి. పొట్టి బొచ్చు, సన్నని నడుము, పొడవైన మూతి, వంపు తిరిగిన తోక. మనిషి జోక్యం లేకుండా ఈ వాతావరణంలో కుక్క ఎలా ఉండాలో అలా ఉంటుంది. నగరంలో పెంపుడు కుక్కల రక్తం వీటిలో అక్కడక్కడా కలిసిన మాట వాస్తవమే. మూలం మాత్రం అది కాదు.

మేనరికం చిక్కు

మనిషి కుక్కను మచ్చిక చేసుకుని కనీసం 15,000 ఏళ్లయింది. మనం ఈరోజు చూసే జాతుల్లో ఎక్కువ భాగం గత 150, 200 ఏళ్లలో రూపుకట్టినవి. కుక్కల జాతులనూ వంశావళులనూ పుస్తకంలో నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఇంగ్లండులో 1873లో ఏర్పడింది. జర్మన్ షెపర్డ్ ఒక జాతిగా నమోదైంది 1899లో. అంతకు ముందు వేటకు, మంద కాపలాకు వేర్వేరు రకాల కుక్కలు లేకపోలేదు. కానీ అప్పట్లో పని బాగా చేసే కుక్కను పని బాగా చేసే ఇంకో కుక్కతో కలిపేవారు. తాత ఎవరు, ముత్తాత ఎవరు అని పట్టించుకునేవారు కాదు. క్లబ్బులు వచ్చాక పద్ధతి మారింది. పుస్తకంలో పేరున్న తల్లిదండ్రులకు పుడితేనే ఆ జాతి. బయటి రక్తానికి తలుపు మూసుకుపోయింది.

దాని పర్యవసానం తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మేనరికం పెళ్లి అనగానే డాక్టర్లు ఎందుకు హెచ్చరిస్తారో మనకు తెలుసు. ప్రతి ప్రాణిలోనూ లోపమున్న జన్యువులు కొన్ని దాగి ఉంటాయి. ఒక్కో జన్యువుకు రెండు ప్రతులు ఉంటాయి కాబట్టి, ఒకటి చెడినా రెండోది బాగుంటే చాలా జబ్బులు బయటపడవు. తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే లోపం వచ్చినప్పుడే బయటపడతాయి. రక్తసంబంధం ఎంత దగ్గరదైతే అలా జరిగే అవకాశం అంత పెరుగుతుంది. మూసేసిన వంశావళిలో తరం తర్వాత తరం జరుగుతూ వచ్చింది ఇదే.

డాల్మేషియన్ కథ దీనికి తిరుగులేని రుజువు. తెల్లటి ఒంటిమీద నల్లమచ్చలుండే ఈ కుక్కల శరీరం యూరిక్ ఆమ్లాన్ని మిగతా కుక్కల్లా విడగొట్టలేదు. అది మూత్రంలో పేరుకుని రాళ్లు కడుతుంది. మగకుక్కల్లో ఆ రాయి అడ్డుపడి మూత్రం పూర్తిగా ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. లోపం ఒక వంశానిది కాదు, మొత్తం జాతిదే. మంచి ప్రతి ఆ జాతిలో ఎక్కడా మిగల్లేదు కాబట్టి, ఎంత మంచి డాల్మేషియన్‌ను ఏరుకుని కలిపినా ఫలితం ఉండదు. 1973లో రాబర్ట్ షైబుల్ అనే అమెరికన్ జన్యుశాస్త్రవేత్త ఒక డాల్మేషియన్‌ను పాయింటర్ జాతి కుక్కతో ఒకే ఒక్కసారి కలిపారు. పుట్టిన పిల్లల్ని, వాటి పిల్లల్ని మళ్లీ డాల్మేషియన్లతోనే కలుపుతూ వచ్చారు. కొన్ని తరాలు గడిచేసరికి చూడటానికి అచ్చమైన డాల్మేషియన్లే, రాళ్లు కట్టే లోపం మాత్రం లేనివి చేతికి వచ్చాయి. అయినా రక్తం కలిసిందన్న అభ్యంతరంతో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఆ సంతతిని ఒప్పుకోవడానికి 2011 దాకా పట్టింది. ఆ మధ్యకాలంలో నొప్పితో విలవిల్లాడిన కుక్కలను తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

సరే, కలపడంలో మేలు ఉందని తేలింది. ఎంత మేలు? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పశువైద్యశాలకు వచ్చిన 27 వేలకు పైగా కుక్కల రికార్డులను పరిశీలించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. వంశపారంపర్యంగా వచ్చే 24 జబ్బులను తీసుకున్నారు. వాటిలో 10 జబ్బులు జాతికుక్కల్లో ఎక్కువగా కనిపించాయి. 13 జబ్బుల్లో తేడాయే లేదు. తుంటి కీలు లోపం, కొన్ని రకాల క్యాన్సర్లు ఈ పదమూడింటిలోనే ఉన్నాయి. మిగిలిన ఒక్కటి, మోకాలి లిగమెంటు తెగడం, కలగలుపు కుక్కల్లోనే ఎక్కువ. 2018లో లక్షకు పైగా కుక్కల జన్యువులను 152 లోపాల కోసం పరీక్షించినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. సాధారణంగా కనిపించే లోపాలను లోలోపల మోస్తున్నవి కలగలుపు కుక్కల్లో ఎక్కువ. వాటివల్ల నిజంగా జబ్బు పడే అవకాశం మాత్రం జాతికుక్కల్లో ఎక్కువ. మేనరికం లెక్క సరిగ్గా ఇలాగే ఉండాలి.

అంటే కలగలుపు ఒక రకం ప్రమాదాన్ని తగ్గిస్తుంది, అంతే. ఇంకా చూడండి: తుంటి కీలు సమస్య ల్యాబ్‌లోనూ ఉంది, జర్మన్ షెపర్డ్‌లోనూ ఉంది. ఆ రెండింటినీ కలిపి క్రాస్ అని పేరు పెడితే తుంటి బాగుపడదు. వేర్వేరు బలహీనతలున్న కుక్కలు కలిసినప్పుడు దక్కే లాభం, ఒకే బలహీనత ఉన్నవి కలిస్తే దక్కదు. ఊరకుక్క రక్తం కలిసిన పిల్ల మీద నాకు ఎక్కువ నమ్మకం ఉండటానికి కారణం ఇదే. అటువైపు రక్తం మూసేసిన పుస్తకంలోంచి రాలేదు.

పేరు పెట్టి అమ్మే క్రాస్‌ల దగ్గరికి వస్తే, లాబ్రడూడుల్ పుట్టుక ఒక్కటి తెలుసుకుంటే చాలు. 1980ల చివర్లో ఆస్ట్రేలియాలో అంధులకు కుక్కలను తర్ఫీదు చేసి ఇచ్చే సంస్థలో పనిచేసే వాలీ కాన్రన్ దాన్ని పుట్టించారు. చూపు సరిగా లేని ఒక మహిళకు కుక్క కావాలి, ఆమె భర్తకేమో కుక్క బొచ్చు పడదు. ల్యాబ్‌ను పూడుల్‌తో కలిపితే మూడు పిల్లలు పుట్టాయి. వాటిలో ఆయనకు పడినది ఒక్కటే. అదే తల్లి, అదే తండ్రి, అదే కాన్పు. అయినా మూడూ మూడు రకాలు. బొచ్చు రాలదు, అలర్జీ రాదు అని హామీ ఇచ్చి ఎక్కువ ధర అడిగేవారికి ఈ మాట గుర్తుచేయాలి. ఇలాంటి క్రాస్‌లను వాటి మూలజాతులతో పోల్చిన బ్రిటన్ అధ్యయనం 2024లో వచ్చింది. దాదాపు 87 శాతం పోలికల్లో ఆరోగ్యంలో తేడాయే కనిపించలేదు. ఆ డబ్బు డాక్టరుకు దాచుకోవడం మేలు.

స్వభావం ఎక్కడినుంచి వస్తుంది?

"కాగితాలు లేని కుక్క ఎలా తయారవుతుందో" అన్న భయానికి కూడా సమాధానం ఉంది. అమెరికాలో 18 వేలకు పైగా కుక్కల యజమానులను ప్రశ్నించి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులను చదివిన పరిశోధన 2022లో సైన్స్ పత్రికలో వచ్చింది. కుక్కకూ కుక్కకూ ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతితో వివరించగలిగినది సుమారు 9 శాతమే అని అందులో తేలింది. ల్యాబ్ సాధువు, డాబర్‌మాన్ కోపిష్ఠి అని మనం తీర్మానించేవి ఆ కాస్త పునాది మీద కట్టిన మేడలు. జాతి పూర్తిగా లెక్కలోకి రాదని కాదు. మంద కాసే జాతులు వెంటపడి తరమడం, వేటజాతులు వాసన పట్టుకుని పోవడం వంటివి రక్తంలో ఉంటాయి. కానీ మీ ఇంటికి వచ్చే ఒక్క కుక్క పిల్లల మీద గుర్రుమంటుందా, అతిథిని చూసి దాక్కుంటుందా అన్నది జాతి పేరు చెప్పదు.

రూపం కూడా అంతే. అమెరికాలోని బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు బాసెంజీ, కాకర్ స్పానియల్ అనే రెండు జాతులను కలిపి తరాలపాటు గమనించారు. రెండో తరం పిల్లలు ఒకదానికొకటి పోలిక లేకుండా, కొన్ని తాతముత్తాతలెవరినీ తలపించకుండా పుట్టాయి. కాబట్టి మెట్ల కింద దొరికిన పిల్లను చూసి "ఇది కచ్చితంగా ల్యాబ్ క్రాసే" అని ఎవరైనా తీర్పు చెబితే నవ్వి ఊరుకోండి. పెద్దయ్యాక ఎంత ఎత్తవుతుందో పాదాలు చూసి చెప్పేదీ సగం ఊహే. చిన్న ఫ్లాటులో ఉండేవారికి కలగలుపు కుక్కతో ఉన్న నిజమైన ఇబ్బంది ఇది. ఎంత పెరుగుతుందన్న బెంగ ఉంటే ఏడాది దాటిన కుక్కను తెచ్చుకోవడం ఉత్తమం. అప్పటికి ఎత్తూ తెలుస్తుంది, గుణమూ తెలుస్తుంది.

అదే బృందం చేసిన ఇంకో పరిశీలన నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది. కుక్కపిల్లకు సుమారు 3 వారాల నుంచి 12 వారాల వయసు మధ్య ఒక కీలక దశ ఉంటుంది. ఆ దశలో చూసినవాటిని, విన్నవాటిని, తాకినవాటిని అది లోకంలో మామూలు విషయాలుగా స్వీకరిస్తుంది. ఆ వయసులో మనిషి చేయి తగలని పిల్ల, తర్వాత ఎంత ప్రేమ చూపినా బెరుకు పూర్తిగా వదలదు. ఇంట్లో అది ఎలా ఉంటుందో ఊహించండి. వంటింట్లో కుక్కర్ కూత వేస్తుంది. పిల్ల ఉలిక్కిపడి మంచం కిందికి దూరుతుంది. ఎవరూ లాగకుండా, అరవకుండా, చేతిలో చిన్న కోడిమాంసం ముక్క పట్టుకుని నేలమీద కూర్చుంటే కాసేపటికి ముక్కు బయటికి వస్తుంది. రెండో కూతకు చెవులు మాత్రమే కదులుతాయి. మిక్సీ, ఆటో హారన్, తాతగారి చేతికర్ర చప్పుడు, వర్షానికి కప్పుకున్న రెయిన్‌కోటు, పరుగెత్తే పక్కింటి బాబు, ఇవన్నీ ఒక్కొక్కటిగా ఇలాగే పరిచయం కావాలి. ఈ పని చేసిన ఇంట్లో నాటు కుక్క పసిపిల్ల పక్కన నిశ్చింతగా పడుకుంటుంది. చేయని ఇంట్లో కాగితాలున్న ల్యాబ్ కూడా కరవవచ్చు.

ఈ ఊరి గాలి

విశాఖ ఎండ కంటే విశాఖ తేమ కుక్కకు ప్రమాదకరం. కుక్కకు మనలా ఒంటినిండా చెమట పట్టదు. నాలుక చాచి, వేగంగా ఊపిరి తీసి, నోటిలోని తడి ఆవిరి కావడం ద్వారా ఒంటిని చల్లబరచుకుంటుంది. గాలిలోనే తేమ నిండి ఉంటే ఆ ఆవిరి సరిగా జరగదు. ఇక పగ్, షీట్జూ లాంటి చప్పిడి మూతి కుక్కలకు ఊపిరి దారే ఇరుకు. మే నెల మధ్యాహ్నం లిఫ్టు పనిచేయక మూడంతస్తులు ఎక్కిన పగ్ గురకలాంటి చప్పుడుతో, నాలుక నీలి రంగులోకి తిరుగుతూ, గుమ్మంలో కూలబడటం చూసినవారు మళ్లీ ఆ జాతిని కోరుకోరు. సైబీరియా మంచు కోసం రెండు పొరల బొచ్చు పెంచుకున్న హస్కీని రోజంతా ఏసీ గదిలో దాచి పెంచడం ఎంత డబ్బున్నవారికైనా తగని పని. పొడవైన మూతి, పొట్టి బొచ్చు, మధ్యరకం ఒళ్లు ఉన్న క్రాస్‌కు ఈ ఊరు సుఖంగా ఉంటుంది. కలగలుపు కుక్క పక్షాన నేను చెప్పగల అత్యంత బలమైన వాదన ఇదే.

దీన్ని సాగదీసి "నాటు కుక్కలు గట్టివి, వాటికి ఏమీ కాదు" అనడం దగ్గరే పొరపాటు జరుగుతుంది. పశ్చిమ బెంగాల్‌లో వీధికుక్కల 95 కాన్పుల్లో పుట్టిన 364 పిల్లలను వెంట ఉండి గమనించిన అధ్యయనం 2016లో వచ్చింది. వాటిలో పెద్దవై పిల్లలు కనే వయసుకు చేరినవి 19 శాతమే. అంటే మనం వీధిలో చూసి గట్టిది అని మెచ్చుకునే కుక్క, తోడబుట్టినవన్నీ పోగా మిగిలినది. మీరు రెండు నెలల వయసులో ఒళ్లోకి తీసుకున్న పిల్ల ఆ పరీక్ష ఇంకా రాయలేదు. వాంతులు, విరేచనాలతో ప్రాణం తీసే పార్వో వైరస్‌కు అది ల్యాబ్ పిల్ల అంత సులువుగానూ బలవుతుంది. 6 నుంచి 8 వారాల వయసులో మొదటి టీకా, తర్వాత 16 వారాలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఆపైన డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా. నాటుదైనా, క్రాస్ అయినా ఇందులో మినహాయింపు లేదు.

పిడుదుల సంగతీ అంతే. ఈ తీరపు వెచ్చదనంలో అవి ఏడాది పొడవునా ఉంటాయి, వానలు పడ్డాక మరీ ఎక్కువ. సాయంత్రం బయట తిప్పి తెచ్చాక చెవి మడతల్లో, కాలివేళ్ల మధ్య, తోక మొదట్లో వేళ్లతో తడిమి చూడాలి. రక్తం తాగి బూడిదరంగులో మినపగింజంత ఉబ్బినది వేలికి తగులుతుంది. దాన్ని నలిపేయకుండా, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. పిడుదు జ్వరం వస్తే కుక్క తిండి మానేస్తుంది, చిగుళ్లు పాలిపోతాయి, ఒక్కోసారి ముక్కునుంచి రక్తం కారుతుంది. జర్మన్ షెపర్డ్‌లలో ఈ జ్వరం తీవ్రంగా వస్తుందని పశువైద్యులకు తెలిసిన విషయమే. కానీ అది ఏ కుక్కనూ వదలదు. రెండు రోజులు చూద్దాం అని ఆగకుండా రక్తపరీక్షకు తీసుకెళ్లాలి.

తిండి విషయంలో ఒక్క మాట. పెరుగన్నంతో కడుపు నిండుతుంది కానీ ఎదిగే పిల్లకు మాంసకృత్తులు చాలవు. ఉడికించిన గుడ్డు, ముల్లు తీసిన చేప, కోడిమాంసం కలపాలి. ఉప్పు పట్టిన ఎండుచేపలు, ఉల్లిపాయ వేసిన కూరలు, ద్రాక్ష, చాక్లెట్ పెట్టకూడదు.

చట్టం వైపు కూడా చూస్తే, 2024 మార్చిలో కేంద్రం 23 జాతులను ప్రమాదకరమైనవిగా పేర్కొంటూ, వాటి క్రాస్‌లనూ కలిపి, పెంపకం అమ్మకాలు ఆపాలని రాష్ట్రాలకు రాసింది. ఆ సర్క్యులర్‌ను కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో కొట్టేసింది. అపార్టుమెంటు సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించలేవని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే స్పష్టం చేసింది. పక్కింటివారికి ఇబ్బంది కలగకుండా చూసుకునే బాధ్యత మనదే అనుకోండి. వీధికుక్కలపై సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో, దత్తత తీసుకోదలచినవారు మున్సిపల్ సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చని, తీసుకున్న కుక్క మళ్లీ వీధికి చేరకుండా చూడటం వారి బాధ్యతేనని చెప్పింది.

పిల్లను తెచ్చుకునేటప్పుడు తల్లి కనిపిస్తే ముందు తల్లిని చూడండి. మనిషి దగ్గరికి వస్తుందా, పిల్లల్ని తాకితే భరిస్తుందా గమనించండి. ఎనిమిది వారాలు నిండకుండా తల్లినుంచి వేరుచేయకండి. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం తెచ్చిన 2017 నిబంధనల ప్రకారం అంతకంటే చిన్న పిల్లను అమ్మడమే నిషిద్ధం. అమ్మకం కాకపోయినా ఆ వయసు లెక్క మారదు, ఎందుకంటే కరవడంలో ఎంత గట్టిగా కరవకూడదో తోటి పిల్లలతో ఆడుకుంటూనే అది నేర్చుకుంటుంది.

ఇంకో మాట చెప్పి తీరాలి. అయిదు పిల్లల్లో మగవాటిని ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు, ఆడవి మెట్ల కిందే మిగిలిపోతాయి. ఆపరేషన్ చేయించాలన్న బెంగ తప్ప ఆడకుక్కను కాదనడానికి కారణం లేదు. సాధారణంగా ఆరు నెలలు దాటాక, కుక్క పరిమాణాన్ని బట్టి డాక్టరు చెప్పిన సమయంలో ఆ ఆపరేషన్ చేస్తారు. దానితో గర్భసంచికి చీము పట్టే ప్రమాదం పోతుంది. మొదటి ఎదకు ముందే చేయిస్తే రొమ్ము గడ్డలు వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. నగరంలో ప్రైవేటు క్లినిక్కులు దీన్ని చేస్తాయి. ఖర్చు భారమనిపించేవారు 1996 నుంచి విశాఖలో పనిచేస్తున్న వీఎస్‌పీసీఏ లాంటి జంతు సంరక్షణ సంస్థలను అడిగి చూడవచ్చు. దత్తతకు పెద్ద కుక్కలు కావలసినవారు కూడా అక్కడే వాకబు చేయవచ్చు.